అప్‌డేట్: అండమాన్‌లో కురిసే గది గొడవ

హేవలాక్‌లో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) మేం దిగిన గది కురుస్తోంది, ఓనరు డబ్బు వెనక్కి ఇవ్వనంటున్నాడు, ఏం చేయాలని అడిగాను కదా. మొన్నే ఇంటికి, కావలి చేరాం. ఆ గదిలో పరుపు తడిసి ముద్దయింది, దోమతెర నిండా చిల్లులే. రాత్రంతా మా ఆవిడ బకెట్ జరుపుతూనే ఉంది. మీరు చెప్పినట్టే ఫోటోలు చూపించి గట్టిగా నిలదీస్తే సగం డబ్బు ఇచ్చాడు. మిగతాది వదిలేశాం, కానీ అది అన్యాయమే. సముద్రం పోటెత్తి ఫెర్రీలు ఆపేయడంతో నీల్ ద్వీపం చూడనేలేదు. మన నెల్లూరు వైపు రోహిణి కార్తె ఎండలు మండుతుంటే అక్కడ అప్పటికే నైరుతి వానలు! బ్యాగులు తగిలించుకుని తిరగాలంటే జనవరి, ఫిబ్రవరి మేలు. రాధానగర్ బీచ్ మాత్రం వానలోనూ అద్భుతం. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.