పాత బ్రిటిష్ కార్ల వేలం రేట్లు చూస్తే భయమేస్తోంది. ఎంజీబీ ఇప్పుడే కొనెయ్యాలా?

కాకినాడ_డెర్బీ:
అందరికీ నమస్కారం. డెర్బీలో ఉంటున్నాను. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలని ఎప్పటినుంచో ఆశ. అన్నీ కలిపి 12 వేల పౌండ్ల దాకా పెట్టగలను. ఈ మధ్య పాత బ్రిటిష్ కార్ల వేలం వార్తలు చదివి టెన్షన్ పట్టుకుంది. 2016లో జాగ్వార్ డీ-టైప్ అనే పాత రేసు కారు ఒకటి దాదాపు 2.18 కోట్ల డాలర్లకు పోయింది. మరుసటి ఏడే ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 అనే ఇంకో రేసు కారు 2.255 కోట్ల డాలర్లు పలికింది. ఇలా పెరుగుతూ పోతే నాలాంటివాళ్లకు చిన్న బండి కూడా అందదేమో. వచ్చే వారం వేలంలో ఒక 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని రకం) ఉంది. ఎరుపు రంగు, క్రోమ్ బంపర్లు, ఫొటోల్లో తళతళలాడుతోంది. వేలం పాట పాడేయమంటారా? కొన్నేళ్ల తర్వాత అమ్మితే లాభం ఉంటుందా?

స్లౌ_మామయ్య:
కొనెయ్యండి. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి హిస్టారిక్ కింద రిజిస్టర్ చేయిస్తే రోడ్ ట్యాక్స్ ఉండదు, ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. పొగ ఎక్కువ వదిలే బండ్లకు లండన్‌లో వేసే యూలెజ్ ఛార్జీ కూడా పడదు. సొంతానికి వాడుకున్న కారు లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ లేదు. ఇంకేం కావాలి?

ఆటోనగర్_వెల్డర్:
మామయ్య గారు చెప్పిన పన్నుల సంగతి నిజమే. కానీ తమ్ముడూ, నువ్వు చదివిన రేట్లకూ నువ్వు కొనబోయే బండికీ సంబంధం లేదు. మాది విజయవాడ ఆటోనగర్, నాన్న అంబాసిడర్లకు డెంటింగ్ చేసేవారు. నేను కోవెంట్రీ దగ్గర పాత కార్ల షెడ్డులో వెల్డింగ్ చేస్తాను. రోజూ ఈ బండ్ల కిందే ఉంటాను కాబట్టి చెబుతున్నాను.

డీబీఆర్1లు తయారైనవే 5. అమ్ముడైన ఆ బండితో పేరుమోసిన బ్రిటిష్ రేసర్ స్టర్లింగ్ మాస్ 1959లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేసు గెలిచాడు. ఆ డీ-టైప్ 1956లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసు గెలిచింది. అలాంటిది కావాలంటే ఇంకోటి దొరకదు. డబ్బున్నవాళ్లు ఇద్దరు పంతం పడితే పాట ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. ఎంజీబీలైతే 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్‌లో 5 లక్షలకు పైగా చేశారు. ప్రతి స్పేర్ పార్టూ దొరుకుతుంది, 1988 నుంచి కొత్త బాడీ షెల్లే (ఇంజనూ అదీ లేని మొత్తం బాడీ) అమ్ముతున్నారు. ఈ బండిని ఉంచుకోవడం సులువు అందుకే, రేటు ఆకాశానికి ఎక్కకపోవడమూ అందుకే. జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కార్లంతటివే 80ల చివర్లో విపరీతంగా పెరిగి, 90ల మొదట్లో ఢమాల్మని పడ్డాయి. లాభం కోసమైతే ఎంజీబీ వద్దు. నడపడానికైతే దీనికి మించినది లేదు, నాకు ప్రాణం ఈ బండంటే. అన్నట్టు, మన పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, దీని 1798 సీసీ ఇంజనూ బీ-సిరీస్ అనే ఒకే ఇంజన్ల కుటుంబం. మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు చాలావరకు చేతులకు తెలిసిన పనే అనిపించింది.

ఇక వేలం లెక్క. పాట 10 వేల దగ్గర ఆగిందనుకో. బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడి దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషన్, 15 శాతం అయితే 1,500, దాని మీద వ్యాట్ 300. నువ్వు కట్టేది 11,800. ప్రీమియం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ముందే చదువుకో. వార్తల్లో వచ్చే రికార్డు అంకెల్లో మామూలుగా ఈ ప్రీమియం కలిసే ఉంటుంది, అమ్మినవాడి చేతికి అంత రాదు.

అసలు ప్రాణం సిల్స్‌లో ఉంది, అంటే తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి భాగం. దీనికి విడిగా ఛాసిస్ లేదు, రోడ్‌స్టర్‌కు పైకప్పు బలమూ లేదు. బరువంతా ఆ సిల్సే మోస్తాయి. లోపల మూడు పొరల రేకు ఉంటుంది. కొందరు లోపలి తుప్పును అలాగే వదిలేసి, పైన కొత్త రేకు అతికి, లప్పం పూసి, రంగు కొట్టేస్తారు. ఫొటోలో అదే తళతళలాడేది. వేలానికి ముందు బండి చూడనిచ్చే వ్యూయింగ్ రోజు వెళ్లి అయస్కాంతం పెట్టి చూడు, పట్టని చోట లప్పమే. జాకీ వేసి లేపినప్పుడు తలుపు సందు మారితే సిల్స్ పోయినట్టే, దండం పెట్టి వచ్చెయ్.

కాకినాడ_డెర్బీ:
అన్నా, చాలా థాంక్స్. 'సిల్స్ కొత్తవి' అని కేటలాగ్‌లో రాశారు, పని జరిగినప్పటి ఫొటోలు మాత్రం లేవు. హెరిటేజ్ సర్టిఫికెట్ ఉందట. అది చాలదా?

ఆటోనగర్_వెల్డర్:
గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే సర్టిఫికెట్ మంచిదే. ఫ్యాక్టరీలో ఏ రంగుతో, ఏ ఇంజన్ నంబరుతో, ఏ తేదీన తయారైందో అందులో ఉంటుంది. నంబర్లు బండి మీద సరిపోతున్నాయో చూసుకో, ఎరుపు అసలు రంగో కాదో కూడా తెలుస్తుంది. తుప్పు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

వేలం వాళ్లకు మెయిల్ పెట్టు: సిల్స్ ఎవరు వేశారు, బిల్లు ఉందా, బయటి రేకు తీసినప్పుడు లోపలి పొరల ఫొటో ఉందా అని. ఫొటో వస్తే నాకు పంపు, చూసి చెబుతాను. రాకపోతే రెండు వైపులా మళ్లీ చేయించాల్సిందే అనుకుని ముందే 4 వేలు పక్కన పెట్టు. మిగిలిన 8 వేలల్లో ప్రీమియం, వ్యాట్ పోను 6,700 దగ్గర నీ పాట ఆపు. ఇదే రకం క్రోమ్ బంపర్ బండ్లు వేలానికి వస్తూనే ఉంటాయి. ఇది పోతే ఇంకోటి చూద్దాం.