పాలిమర్ ఫ్రేం పిస్టల్ ఎన్నాళ్లు ఆగుతాది? బారెల్లో నల్ల చుక్కలు పడితే మార్చాల్సిందేనా?

ప్రశ్న, కావలి నుంచి: అన్నలూ, లైసెన్సు ఉన్న .32 పిస్టల్, పాలిమర్ ఫ్రేం. కాల్చింది బాగా తక్కువ. బీరువాలో లెదర్ కవర్లోనే ఉంటాది. ఎలక్షన్లకు డిపాజిట్ చేసి వెనక్కి తెచ్చుకున్నాక టార్చి వేసి చూస్తే బారెల్లో నల్లటి చుక్కలు, మూతి దగ్గర ఎక్కువ. ప్లాస్టిక్ ఎండిపోయి పగుల్తాదని కూడా ఒకాయన చెప్పినాడు. బారెల్ మార్చాలా? అసలు ఎన్ని రౌండ్లకు పోతాది?

జవాబు, ఒంగోలు నుంచి: ఫ్రేం గురించి దిగులు వద్దు తమ్ముడూ. అది బిందెల ప్లాస్టిక్ కాదు, నైలాన్ జాతి. 1970లో హెక్లర్ అండ్ కాఖ్ వీపీ70తో ఈ ఫ్రేములు మొదలైనాయి. 1980ల మొదట్లోనే ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 తీసుకుంది. నూనెకూ చెమటకూ చెక్కు చెదరదు. సాధారణంగా స్లయిడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం) జరిగేది కూడా లోపల పొదిగిన ఉక్కు పట్టీల మీదే. చూడాల్సింది ఆ పట్టీల మొదళ్లు, పిన్నుల రంధ్రాల చుట్టూ సన్నటి గీతలు. అక్కడ పగులు కనిపిస్తే ఇక కాల్చొద్దు.

రౌండ్ల లెక్క: 9 మి.మీ. సర్వీస్ పిస్టల్ బారెల్ మామూలు వాడకంలో పదుల వేల రౌండ్లు ఆగుతాది. దాని గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే .32ది 20,500 మాత్రమే. లైసెన్సు మీద ఏటా ఇచ్చే కోటాతో ఆ బారెల్‌ని అరగదీయడం జరిగే పని కాదు. మన తీరంలో బారెల్‌ని తినేది తుప్పు, ఆ తర్వాత మోటు క్లీనింగ్.

ఆ చుక్కలు ఏందో ముందు తేల్చుకో. మ్యాగజైన్ తీసెయ్, స్లయిడ్ వెనక్కి లాగి ఛాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూడు, వేలితో తడుము. తర్వాతే విప్పు. బోర్ సాల్వెంట్ (బారెల్ లోపలి మురికిని కరిగించే మందు) పట్టించి పావుగంట వదిలి, కంచు బ్రష్ తిప్పి, తెల్ల గుడ్డ ముక్క దూర్చు. నల్లగా వస్తే మందు మసి, ఆకుపచ్చగా వస్తే గుండు మీది తొడుగు రాగి, ఎర్రమట్టి రంగు వస్తే తుప్పు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చెయ్. గరుకు కాగితం, ఇత్తడి పాలిష్ లోపలికి పోనీయొద్దు.

చాలా .32లలో బారెల్ ఫ్రేముకే బిగించి ఉంటాది, రాడ్డు మూతి వైపు నుంచే పోవాలి. ఇనుప రాడ్డు మూతి అంచును గీకితే గుండు పక్కకు పోతాది. దారం కట్టి ఛాంబర్ వైపు నుంచి లాగే పుల్‌త్రూ మేలు.

నెల్లూరు నుంచి: ఇంకొకటి. కాల్చేటప్పుడు "టుస్" మని చప్పుడు తక్కువగా వస్తే రెండో రౌండ్ కొట్టొద్దు. గుండు బారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పోతే బారెల్ ఉబ్బుతాది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఉంగరంలాగా నీడ కనిపిస్తాది. ఆ బారెల్‌కి మరమ్మతు లేదు.

లెదర్ కవర్లో నిలవ పెట్టడం మానెయ్యి. తోలు చెమ్మ పీలుస్తాది, పదును చేసిన ఉప్పులు అందులోనే ఉంటాయి. కార్తీక మాసపు వానలు, మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి, ఇంకేం కావాలి తుప్పుకు? నూనె గుడ్డతో పల్చగా తుడిచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురు కడతాది. ఫైరింగ్ పిన్ దారిలో ఏ నూనే పోయొద్దు, మసి పేరుకుని పిన్ను మందగిస్తాది.

కావలి: గుడ్డ మొదట ఆకుపచ్చగా, తర్వాత కొంచెం ఎర్రగా వచ్చింది. ఇప్పుడు తెల్లగానే వస్తా ఉంది. మూతికి లోపల రెండు మూడు సన్న గుంటలు మిగిలినాయి. ఛాంబర్ నున్నగా ఉంది.

ఒంగోలు: ఛాంబర్ బాగుంటే చాలావరకు బయటపడ్డట్టే. గుంటలు అక్కడుంటే ఖోకా (కాల్చిన తూటా ఖాళీ గొట్టం) పట్టేసి బయటికి రాదు. బోర్లో సన్న గుంటలు రాగిని పట్టుకుంటాయి, క్లీనింగ్ కొంచెం ఎక్కువ అడుగుతాయి, అంతే. లైసెన్సు రేంజిలో 10 మీటర్ల దూరం నుంచి చెయ్యి ఆనించి కాగితం మీద 5 రౌండ్లు కొట్టు. రంధ్రాలు గుండ్రంగా, దగ్గర దగ్గరగా పడితే బారెల్ మార్చే పనే లేదు. పొడుగ్గా, గుండు అడ్డం తిరిగినట్టు పడితే రైఫ్లింగ్ (గుండుని తిప్పే బారెల్ లోపలి మెలిక గాళ్లు) పట్టడం లేదని అర్థం.

నువ్వు మార్చాల్సింది రికాయిల్ స్ప్రింగ్, స్లయిడ్‌ని తిరిగి ముందుకు నెట్టేది. 9 మి.మీ. సర్వీస్ పిస్టళ్లలో చాలావాటికి 3,000 నుంచి 5,000 రౌండ్ల మధ్య మారుస్తారు, నీ మోడల్‌కి మాన్యువల్ చూడు. .32లో ఎక్కువ భాగం బ్లోబ్యాక్, అంటే స్లయిడ్ బారెల్‌కి లాక్ కాని రకం, స్లయిడ్‌ని ఆపేది దాని బరువు, ఆ స్ప్రింగే. అది చచ్చుబడితే ప్రతి దెబ్బా ఫ్రేం మీద పడతాది. స్ప్రింగ్ ఖర్చు కొద్దిగానే. ఫ్రేం విరిగితే స్ప్రింగులాగా కొనుక్కొచ్చి వేసుకునే వస్తువు కాదు, ఆయుధం నంబరు లైసెన్సులో ఎక్కి ఉంటాది కాబట్టి మళ్లీ కలెక్టరాఫీసు చుట్టూ తిరగాల్సిందే. ఏ రిపేరైనా లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే చేయించు. ఆటోనగర్ లేతు దగ్గరికి తీసుకుపోతే ఆయుధ చట్టం 5వ సెక్షన్ మీరినట్టయి ఆ మేస్త్రీ మీద కేసవుతాది, నీ లైసెన్సుకూ ముప్పే.