ఐటీ5570ఈ ఈసీకి ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్: బోర్డు చావకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?

కీ_మ్యాట్రిక్స్ అడిగిన ప్రశ్న

ల్యాప్‌టాప్‌లో కీబోర్డ్, ఫ్యాన్, బ్యాటరీ, పవర్ బటన్ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ చిప్ (ఇకపై ఈసీ) ఐటీఈ అనే కంపెనీది. 2ఈ, 2ఎఫ్ పోర్టుల ద్వారా సూపర్ ఐఓ (చిప్ గుర్తింపు సంఖ్య ఉండే భాగం) రిజిస్టర్లు చదివితే 20లో 55, 21లో 70 వచ్చాయి. కాబట్టి చిప్ ఐటీ5570ఈ అనడంలో అనుమానం లేదు. (ఈ థ్రెడ్‌లో పోర్టులు, రిజిస్టర్లు, కమాండ్లు, చిరునామాలు అన్నీ హెక్స్ అనుకోండి.) బోర్డు స్కీమాటిక్ ఉంది. లైనక్స్ ల్యాప్‌టాప్‌లు అమ్మే సిస్టమ్76 వాళ్ళ ఓపెన్‌సోర్స్ ఈసీ కోడ్ ఈ చిప్‌కి బిల్డ్ అవుతోంది, కానీ ఈ బోర్డుకి తగ్గ కోడ్ అందులో లేదు.

తెలియాల్సినవి నాలుగు. మొదట ఫ్లాష్ చేసి చూడాలా, లేక కంపెనీ ఫర్మ్‌వేర్ నడుస్తుండగానే తెలుసుకోగలిగేది ఇంకా ఉందా? తప్పు ఫర్మ్‌వేర్ ఎక్కితే పవర్ బటన్ కూడా పనిచెయ్యదు కదా, అప్పుడు వెనక్కి రావడం ఎలా? ఎస్‌డీసీసీ కంపైలర్‌తో 8051కి (ఈ చిప్ లోపలి 8 బిట్ల ప్రాసెసర్) రాసేటప్పుడు మామూలు సీ అలవాట్లు ఎక్కడ దెబ్బతీస్తాయి? బ్యాటరీ చార్జింగ్ కోడ్ ఎప్పుడు ముట్టుకోవాలి? క్రోమ్‌బుక్‌ల కోసం గూగుల్ రాసిన క్రోమియం ఈసీ వాడితే నయమా అన్నది కూడా చెప్పండి.

వోల్ట్‌మీటర్ జవాబు

ఇప్పుడే ఫ్లాష్ చెయ్యకండి. కంపెనీ ఫర్మ్‌వేర్ బతికుండగానే సగం సమాచారం రాబట్టొచ్చు.

ఏసీపీఐ టేబుళ్ళను (హార్డ్‌వేర్ గురించి బయాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇచ్చే వివరాలు) ఏసీపీఐడంప్‌తో తీసి, ఐఏఎస్ఎల్ టూల్‌తో చదవగలిగే రూపంలోకి విడగొట్టండి. వాటిలో ముఖ్యమైన డీఎస్‌డీటీ టేబుల్‌లో ఎంబెడెడ్ కంట్రోల్ రకం ఆపరేషన్ రీజియన్ వెతికితే ఏ ఆఫ్‌సెట్‌లో ఏముందో పేర్లతో సహా ఉంటుంది: బ్యాటరీ మిగులు, అడాప్టర్ ఉందా లేదా, మూత తెరిచి ఉందా, ఫ్యాన్ వేగం. క్యూ అక్షరంతో మొదలయ్యే మెథడ్లన్నీ ఒక జాబితాగా రాసుకోండి. ఏదైనా జరిగినప్పుడు ఈసీ ఎస్‌సీఐ అనే ఇంటరప్ట్ లేపుతుంది, కెర్నల్ 84 కమాండ్ పంపి సంఖ్య అడుగుతుంది, ఆ సంఖ్య పేరుతో ఉన్న మెథడ్ నడుస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్ కూడా ఇవే సంఖ్యలు ఇవ్వాలి, లేకపోతే బయాస్‌నీ మార్చుకోవాల్సి వస్తుంది.

లైనక్స్‌లో ఈసీ_సిస్ మాడ్యూల్ ఎక్కిస్తే ఆ ఆపరేషన్ రీజియన్‌లోని 256 బైట్లూ డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైలుగా కనిపిస్తాయి. మూత మూసి, అడాప్టర్ పీకి, ముందూ వెనకా తేడా చూడండి. ఈసీతో మాట్లాడే 62, 66 పోర్టులను యూజర్ ప్రోగ్రామ్‌తో నేరుగా గెలకొద్దు. అదే సమయంలో కెర్నల్ కూడా మాట్లాడుతుంటే ఒకరి బైటు ఇంకొకరు ఎత్తుకుపోతారు.

తర్వాత జీపీఐఓలు, అంటే ఈసీ నడిపే పిన్నులు. ప్రతి పోర్టు కంట్రోల్, డేటా రిజిస్టర్లనూ ఎస్0లో (మెషీన్ నడుస్తున్నప్పుడు), ఎస్3లో (నిద్రలో), పవర్ ఆపిన స్థితిలో కంపెనీ ఫర్మ్‌వేర్ ఎలా పెట్టిందో స్కీమాటిక్ పక్కన పెట్టి పోల్చండి. 2ఈ, 2ఎఫ్ పోర్టుల గుండానే ఈసీ లోపలి రిజిస్టర్లు చదివే దారి ఈ చిప్‌లో ఉంది. ఎస్0కి అది చాలు. ఎస్3లోనూ, పవర్ ఆగాకా చదివే సీపీయూ ఉండదు కాబట్టి ఆ స్థితులకి మల్టీమీటరే గతి. విసుగు పుట్టించే పనే, అయినా తప్పదు. ఇన్‌పుట్‌గా ఉండాల్సిన పిన్నుని అవుట్‌పుట్‌గా పెట్టి అవతలి చిప్‌తో కుస్తీ పట్టిస్తే కాలేది ఏదో ఒకటి ఖాయం.

వెనక్కి వచ్చే దారి ఇది. ఈ చిప్‌ని కీబోర్డ్ కనెక్టర్ పిన్నుల మీదుగా ప్యారలల్ మోడ్‌లో బయటి నుంచి రాయొచ్చు. సిస్టమ్76 ప్రాజెక్టు దీనికి ఆర్డుయినో మెగా 2560 వాడుతుంది. మెగా మీదకి కీబోర్డ్ కనెక్టర్‌కి సరిపోయే ఎఫ్‌ఎఫ్‌సీ (పలచటి రిబ్బన్ కేబుల్) బ్రేకౌట్ బోర్డు, ఒక కేబుల్ కావాలి. పిన్నుల సంఖ్య, పిచ్ మీ కనెక్టర్‌ని కొలిచే కొనండి. అదే కేబుల్ తర్వాత డీబగ్ లాగ్‌కీ పనికొస్తుంది, కాకపోతే ఆ సమయంలో లోపలి కీబోర్డ్ ఉండదు, యూఎస్‌బీది పెట్టుకోవాలి. కేబుల్ పెట్టేముందు అడాప్టర్, బ్యాటరీ కనెక్టర్ రెండూ ఊడదీయండి. కేబుల్ తిరగబడితే కలిసేది ఏ పిన్ను ఏ పిన్నుతోనో ముందే మీటర్‌తో చూసుకోండి.

మొదటి పని పాత ఫర్మ్‌వేర్ బ్యాకప్. రెండుసార్లు చదివి షా256 చెక్‌సమ్‌లు పోల్చండి, రెండూ ఒకటైతేనే నమ్మండి. ఆ బ్యాకప్‌ని పాడైన బోర్డు మీదకి మళ్ళీ రాసి, మెషీన్ లేచిందని చూసేదాకా మీకు రికవరీ దారి ఉన్నట్టు లెక్క కాదు. ఇంకో మాట, ఆ బ్యాకప్‌ని రిపాజిటరీలో పెట్టకండి, అది కంపెనీ సొత్తు.

బైట్_బండి జవాబు

ఎస్‌డీసీసీ గురించి నేను చెప్తాను. 8051లో జనం తలబాదుకునేది ఇక్కడే.

స్మాల్, మీడియం, లార్జ్ మెమరీ మోడళ్ళలో ఏది వాడినా ఫంక్షన్ లోకల్ వేరియబుల్స్ స్టాక్ మీద ఉండవు, మెమరీలో స్థిరమైన చిరునామాల్లో కూర్చుంటాయి. అంటే మామూలుగా రాసిన ఏ ఫంక్షనూ రీఎంట్రెంట్ కాదు, ఒక పిలుపు ముగియకముందే మళ్ళీ పిలవకూడదు. మెయిన్ లూప్‌లోనూ ఇంటరప్ట్‌లోనూ ఒకే ఫంక్షన్‌ని పిలిచారంటే, వారానికోసారి కనపడి మాయమయ్యే బగ్ తయారైనట్టే. 16, 32 బిట్ల గుణకారం, భాగహారం లైబ్రరీ రొటీన్లకి కూడా ఇదే జబ్బు. మీరు ఫంక్షన్ పిలవకపోయినా ఇంటరప్ట్‌లో ఒక భాగహారం రాస్తే చాలు, కంపైలరే పిలుస్తుంది. అన్నిటినీ రీఎంట్రెంట్ చేసే ఆప్షన్ ఉంది గానీ, కోడ్ ఉబ్బుతుంది, స్టాక్ మింగుతుంది. స్టాక్ ఉండేది లోపలి 256 బైట్ల ర్యామ్‌లో, అదీ రిజిస్టర్ బ్యాంకులతో పంచుకుంటూ. కాబట్టి ఇంటరప్ట్‌లో ఫ్లాగ్ పెట్టి బయటపడండి, లెక్కలన్నీ మెయిన్ లూప్‌లో.

ఇంటరప్ట్ ఫంక్షన్ ప్రోటోటైప్ మెయిన్ ఉన్న ఫైల్‌లో కనపడాలి. లేకపోతే వెక్టర్ టేబుల్‌లో దాని ఊసే ఉండదు, లింకర్ నోరు మెదపదు. టైమర్ పెట్టాం, ఇంటరప్ట్ రాదు అని మొత్తుకునే పోస్టుల్లో సగం దీనివే.

16 బిట్ల టిక్ కౌంటర్ చదవడం రెండు ముక్కల్లో జరుగుతుంది. పై బైటు చదివాక కింద బైటు తిరిగితే 256 టిక్కుల తేడా. చదివేటప్పుడు ఇంటరప్ట్ ఆపండి, లేదా రెండుసార్లు చదివి రెండూ ఒకటయ్యేదాకా తిప్పండి.

పాయింటర్ ఏ మెమరీదో చెప్పకపోతే ఎస్‌డీసీసీ 3 బైట్ల జెనెరిక్ పాయింటర్ చేస్తుంది. తీసినప్పుడల్లా హెల్పర్ రొటీన్ పిలుపు. ఎక్స్‌డేటా (బయటి ర్యామ్), కోడ్ (ఫ్లాష్) అని స్పష్టంగా రాస్తే సైజూ వేగమూ రెండూ బాగుపడతాయి.

ఇంకొకటి ఐటీఈకే ప్రత్యేకం. ఫ్లాష్‌లో 40 చిరునామా దగ్గర 16 బైట్ల సంతకం ఉంటుంది, ఏ5 బైట్లతో మొదలవుతుంది. అది లేకపోతే చిప్ మీ కోడ్‌ని ఫర్మ్‌వేర్‌గా గుర్తించదు. కంపైలర్ ఆ చోట ఇంకేదీ పెట్టకుండా, బిల్డ్ అయ్యాక బైనరీని హెక్స్ వ్యూయర్‌లో తెరిచి, మీ బ్యాకప్‌లో అదే చోటుతో పోల్చండి. అర నిమిషం పని.

ఈసీ తన ఫ్లాష్ తానే చెరుపుకునేటప్పుడు అదే ఫ్లాష్ నుంచి కోడ్ నడపలేదు. చిన్న రొటీన్‌ని ర్యామ్‌లోకి కాపీ చేసి, అక్కణ్ణుంచి నడిపించాలి. సిస్టమ్76 కోడ్‌లో స్క్రాచ్ అనే పేరుతో ఉన్నది ఇదే. ఆ సమయంలో కీబోర్డూ ఫ్యానూ చూసేవాళ్ళుండరు. అందుకే అడాప్టర్ లేకుండా అప్‌డేట్ మొదలుపెట్టనివ్వొద్దు.

క్రోమియం ఈసీ ఈ చిప్ మీద కుదరదు. అది ఆర్మ్ కార్టెక్స్-ఎం, రిస్క్-ఫైవ్, ఆండీస్ కోర్‌ల కోసం రాసింది, మీది 8051. ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ ఈసీ క్రోమియం ఈసీ నుంచే వచ్చింది, 2022 జనవరిలో సోర్సు బయటపెట్టారు. అప్పటి మోడల్‌లో మైక్రోచిప్ వాళ్ళ ఆర్మ్ చిప్ ఉంది కాబట్టి కుదిరింది. చదవడానికి మాత్రం తప్పక చదవండి. పవర్ స్థితులను స్టేట్ మెషీన్‌గా ఎలా విడగొట్టారో అక్కడ నేర్చుకోవచ్చు.

కీ_మ్యాట్రిక్స్

ఇద్దరికీ థాంక్సండీ. బ్యాకప్ రెండుసార్లు ఒకటే వచ్చింది, తిరిగి రాసి కూడా చూశాను, లేచింది. సొంత బిల్డ్ ఎక్కిస్తే పవర్ ఎల్ఈడీ వెలుగుతోంది, ఫ్యాన్ ఒకసారి తిరుగుతోంది, సుమారు 4 సెకన్లకి అంతా ఆగిపోతోంది. కీబోర్డ్‌లో ఒక కీ నొక్కితే పక్క కాలమ్ కీ కూడా నొక్కినట్టు వస్తోంది. ఎక్కడ చూడాలి?

వోల్ట్‌మీటర్ జవాబు

ఆ 4 సెకన్లే దొంగని పట్టిస్తోంది. పవర్ బటన్ 4 సెకన్లు నొక్కి ఉంచితే చిప్‌సెట్ బలవంతంగా ఆపేస్తుంది. మీ కోడ్ పీసీహెచ్ (చిప్‌సెట్) వైపు పవర్‌బటన్ లైన్‌ని కిందకి లాగి, తిరిగి పైకి వదలడం లేదు. పోలారిటీ తిరగేశారా, లేక పల్స్ తర్వాత వచ్చే కోడ్ ఎక్కడైనా లూప్‌లో ఇరుక్కుందా చూడండి.

లాజిక్ ఎనలైజర్ పెట్టగలిగితే ఈ వరుస కనపడాలి. ముందు స్టాండ్‌బై పట్టాలు (వోల్టేజి సరఫరా లైన్లు) స్థిరపడతాయి, తర్వాత కనీసం 10 మిల్లీసెకన్లు ఆగి ఆర్‌ఎస్‌ఎమ్‌ఆర్‌ఎస్‌టీ (పీసీహెచ్ స్టాండ్‌బై భాగం రీసెట్ లైన్) పైకి, ఆపైన పవర్‌బటన్ పల్స్. దానికి జవాబుగా పీసీహెచ్ తన ఎస్ఎల్‌పీ (నిద్ర స్థితి) లైన్లు ఎస్5, ఎస్4, ఎస్3లను వరుసగా పైకి లేపుతుంది. కొన్ని స్కీమాటిక్‌లలో ఎస్4ని సస్‌సీ అని, ఎస్3ని సస్‌బీ అని రాస్తారు. ఆ తర్వాత మిగతా పట్టాలు, పవర్‌గుడ్, పీసీహెచ్ పవర్ ఓకే, చివరికి పీఎల్‌టీఆర్‌ఎస్‌టీ (మొత్తం ప్లాట్‌ఫామ్ రీసెట్ లైన్) పైకి. అప్పుడే సీపీయూ మొదటి ఆదేశం చదువుతుంది.

వరుస ఎక్కడ తెగిందన్నదే రోగ నిర్ధారణ. పల్స్ ఇచ్చినా ఎస్ఎల్‌పీ ఎస్4 కదలకపోతే తప్పు తర్వాతి దశల్లో కాదు, ముందు దశల్లో ఉంది: ఆర్‌ఎస్‌ఎమ్‌ఆర్‌ఎస్‌టీ తొందరపడి ఉంటుంది, లేదా పీసీహెచ్ తన ఫ్లాష్ చదవలేకపోతోంది, లేదా 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఆడటం లేదు. అన్నీ పైకొచ్చి పీఎల్‌టీఆర్‌ఎస్‌టీ ఒక్కటే కిందుంటే పవర్‌గుడ్ గొలుసు చూడండి. వేచి ఉండే ప్రతి చోటా టైమౌట్ పెట్టండి, టైమౌట్ అయితే పట్టాలన్నీ వెనకనుంచి వరుసగా దింపండి. సగం లేచిన బోర్డుని అలాగే వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

కీబోర్డ్ సంగతి. ఒక కాలమ్‌ని కిందకి లాగి, వదిలి, పక్కది లాగుతారు. వదిలిన లైన్ పుల్అప్ మీదుగా మెల్లగా పైకొస్తుంది. అది పూర్తిగా లేవకముందే రో చదివితే పాత కాలమ్ కీ కొత్త కాలమ్‌లో నొక్కినట్టు కనపడుతుంది. లాగాక కొన్ని మైక్రోసెకన్లు ఆగి చదవండి, 5తో మొదలుపెట్టి నీడ పోయేదాకా పెంచండి. డీబౌన్స్ వేరే సంగతి, దానికి 5 నుంచి 20 మిల్లీసెకన్లు. రెండింటినీ కలిపేసి డీబౌన్స్ పెంచితే రోగం దాక్కుంటుంది, పోదు.

పనిలో పని, ఎఫ్ఎన్ కీ. ఎఫ్ఎన్ పట్టుకుని ఒక కీ నొక్కి, ఎఫ్ఎన్ ముందు వదిలితే, కీ వదిలినప్పుడు మామూలు లేయర్ కోడ్ వెళుతుంది. హోస్ట్ వైపు మొదటి కీ అతుక్కుపోతుంది. నొక్కినప్పుడు పంపిన కోడ్ గుర్తుపెట్టుకుని, వదిలినప్పుడు అదే పంపండి.

ఎస్5_నిద్ర జవాబు

బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. పైవన్నీ తప్పినా బోర్డే పోతుంది, ఇది తప్పితే మంట. బూట్, నిద్ర, ఫ్యాన్ అన్నీ కుదిరేదాకా చార్జర్‌ని డిసేబుల్‌లోనే ఉంచి, అడాప్టర్ మీద పని కానివ్వండి.

బ్యాటరీ ఎస్‌ఎమ్‌బస్ (రెండు తీగల బస్) మీద 7 బిట్ల చిరునామా 0బీలో ఉంటుంది. 08 ఉష్ణోగ్రత (కెల్విన్‌లో పదోవంతులు, 2982 అంటే దాదాపు 25 డిగ్రీల సెల్సియస్), 09 వోల్టేజి, 0ఏ కరెంటు. కరెంటు ప్లస్, మైనస్ గుర్తు ఉండే సంఖ్య, గుర్తు లేనిదిగా చదివితే డిశ్చార్జి అవుతున్నప్పుడు 60 వేల పైచిలుకు మిల్లీఆంపియర్లు కనపడతాయి. 14, 15 రిజిస్టర్లలో తనకి ఎంత కరెంటు, ఎంత వోల్టేజి కావాలో బ్యాటరీయే అడుగుతుంది. చార్జర్‌కి ఇచ్చేది ఆ సంఖ్యకీ బోర్డు పరిమితికీ మధ్య ఏది తక్కువైతే అది.

బస్ చదవడం విఫలమైతే పాత విలువ వాడొద్దు. చార్జింగ్ ఆపండి. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కింద ఉన్నా ఆపండి, చలిలో చార్జి చేస్తే ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది.

చార్జర్ చిప్ ఏదో చూసి దాని డేటాషీట్ చదవండి. ఉదాహరణకి బీక్యూ24780ఎస్ అయితే కరెంటు 64 మిల్లీఆంపియర్ల మెట్లలో, వోల్టేజి 16 మిల్లీవోల్టుల మెట్లలో. 12600 మిల్లీవోల్టులు అడిగితే 12592 నిలుస్తుంది, అది తప్పు కాదు. ఆ కరెంటు లెక్క 10 మిల్లీఓమ్ సెన్స్ రెసిస్టర్‌కి. బోర్డు మీద 5 మిల్లీఓమ్‌ది ఉంటే మీరు 1024 రాస్తే 2048 పారుతుంది! రెసిస్టర్ మీద రాసింది చదవకుండా ఒక్క అంకె కూడా రాయకండి. ఇంకా దానికి వాచ్‌డాగ్ ఉంది, డిఫాల్ట్‌గా 175 సెకన్లు. ఆలోపు మళ్ళీ రాయకపోతే చార్జింగ్ ఆగుతుంది. విసుగొచ్చి ఆ వాచ్‌డాగ్‌ని ఆపేసేవాళ్ళున్నారు, చెయ్యకండి. మీ ఫర్మ్‌వేర్ వేలాడిపోయినా చార్జర్ తనంతట తాను ఆగేది దానివల్లే.

ఫ్యాన్‌కీ ఇదే నియమం. పెకీ (సీపీయూ ఉష్ణోగ్రత చదివే లైన్) ఇచ్చే ఉష్ణోగ్రత టీజేమ్యాక్స్ (సీపీయూ గరిష్ఠ ఉష్ణోగ్రత) కంటే ఎంత తక్కువో డిగ్రీలో 64వ వంతుల్లో చెబుతుంది. మైనస్ 1280 అంటే 20 తక్కువ, టీజేమ్యాక్స్ 100 అయితే 80 డిగ్రీలు. విలువ హెక్స్ 8000 దగ్గర మొదలయ్యే ఎర్రర్ కోడ్ అయితే దాన్ని ఉష్ణోగ్రతగా లెక్కేస్తే సీపీయూ మంచుగడ్డలా కనపడి ఫ్యాన్ ఆగిపోతుంది. ఎర్రర్ వచ్చినా, చదవలేకపోయినా ఫ్యాన్ ఫుల్ స్పీడ్.

మొదటిసారి చార్జింగ్ తెరిచేటప్పుడు బ్యాటరీ సగం ఖాళీగా ఉండగా, కరెంటు 256 మిల్లీఆంపియర్లకి కట్టేసి, బ్యాటరీ చెప్పే కరెంటుని క్లాంప్ మీటర్‌తో పోల్చండి. రెండూ కలిసేదాకా పెంచొద్దు.

కీ_మ్యాట్రిక్స్

పవర్‌బటన్ పోలారిటీయే. తిరగేశాను, పీఎల్‌టీఆర్‌ఎస్‌టీ దాకా లేస్తోంది. కీబోర్డ్ నీడ 10 మైక్రోసెకన్ల దగ్గర పోయింది. సెన్స్ రెసిస్టర్ మీద ఆర్010 అని ఉంది, అంటే 10 మిల్లీఓమే. చార్జర్ మాత్రం ఇంకా డిసేబుల్‌లోనే.