యోమ్ కిప్పూర్‌కూ సుక్కోత్‌కూ మధ్య డైవింగ్ కోర్సు పూర్తవుతుందా?

ప్రశ్న:
పరిశోధన కోసం ఇజ్రాయెల్‌లోని బేర్ షేవాకు వచ్చి ఆరు నెలలైంది. యూదుల తిష్రీ నెల పండుగలు చూడడం ఇదే మొదటిసారి. మా ల్యాబులో పనిచేసే ఒక పెద్దావిడ యోమ్ కిప్పూర్ (పాపాలకు క్షమాపణ కోరే రోజు) ఉపవాసానికి ముందు భోజనానికీ, సుక్కోత్ (పందిళ్ల పండుగ) మొదటి రాత్రి పందిట్లో విందుకూ పిలిచారు. ఆవిడతో పాటు నేనూ ఉపవాసం ఉండాలనుకుంటున్నాను. ఈ రెండింటి మధ్య నాలుగు రోజులున్నాయి. ఆలోగా ఎర్రసముద్రం ఒడ్డునున్న ఐలాత్ వెళ్లి స్కూబా మొదటి కోర్సు చేసి రావచ్చా? ఈత వచ్చు.

జవాబు 1:
నాలుగు రోజులని అనిపిస్తుంది గానీ లెక్క వేస్తే రెండే మిగులుతాయండీ. యోమ్ కిప్పూర్ ముందు మధ్యాహ్నానికే బస్సులు ఆగిపోతాయి, మర్నాడు చీకటిపడ్డాకే మళ్లీ కదులుతాయి. ఇరవై అయిదు గంటలు నీళ్లు కూడా తాగని ఒంటితో వెంటనే డైవింగ్‌కు దిగకండి. ఒంట్లో నీరు తగ్గితే నత్రజని బుడగల వల్ల వచ్చే జబ్బు ముప్పు పెరుగుతుంది. ఒక రోజు తిని, తాగి, కోలుకోవడానికే వదిలేయండి.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించాలి. వరుసగా డైవింగ్ చేశాక విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. బస్సే కదా అనుకోకండి, ఆ దారి ఎడారి మిట్ట మీదున్న మిట్స్‌పే రమోన్ అనే ఊరి మీదుగా వెళ్తే సుమారు 800 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. అంత ఎత్తుకూ అదే జాగ్రత్త. సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి, 18 మీటర్ల లోతు దాకా. హడావుడి పడితే నేర్చుకునేది పోతుంది.

నేను సిమ్హాత్ తోరా (సుక్కోత్ వారం చివర వచ్చే పండుగ) అయ్యాక వెళ్లాను. మొదటి రోజు లోతులేని చోట మోకాళ్ల మీద కూర్చోబెట్టి మాస్కులోకి నీళ్లు నింపమన్నారు. ముక్కుకు ఉప్పునీళ్లు తగలగానే గుండె ఝల్లుమంది. తల పైకెత్తి, మాస్కు పైఅంచు నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదితే నీళ్లన్నీ కిందినుంచి జారిపోయాయి. ఎదురుగా పగడాల మీద నారింజరంగు చేపలు! ఆ క్షణం కోసం మీరు ఓ వారం ఆగడంలో తప్పులేదు.

జవాబు 2:
పై సలహాయే నాదీ. యోమ్ కిప్పూర్ రాత్రి ఆవిడ ఇంట్లోనే ఉండగలిగితే ఉండండి. కార్లు లేని పెద్ద రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటే చక్రాల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఉపవాసానికి ముందు ‘గ్మార్ హతిమా తోవా’ (కొత్త ఏడాదికి మీకు మంచి రాతే ఖరారవ్వాలి) అని చెప్పండి, ఎంతో సంతోషిస్తారు. సుక్కోత్ నాడు పందిట్లో కూర్చున్నాక ఒక్కసారి పైకి చూడండి. ఖర్జూరపు మట్టల సందుల్లోంచి నక్షత్రాలు కనబడేలా కప్పుతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మిట్స్‌పే రమోన్ సంగతి నాకు అసలు తట్టలేదు. కోర్సు సిమ్హాత్ తోరా తర్వాతికి మార్చుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో పందిరి వేయడానికి రమ్మని ఆవిడ అడిగారు. మట్టలు మోసేది నేనే.