‘పాడితే’ అని పాడాను, ‘పడితే’ అని వినపడిందట. ఇప్పుడు ఆయన పాటకు నేను రివ్యూ రాయాలి

మోటార్‌వైండింగ్, తిరుపతి

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు లీలామహల్ సర్కిల్ దగ్గర మోటార్లు, మిక్సీలు రీవైండింగ్ చేసే చిన్న షాపు ఉంది. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు మా వీధి భజన గుడిలో తాళాలు కొట్టేవాణ్ని. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కీబోర్డు మీద నాలుగు కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) వచ్చు. అంతే నా చదువు.

ఈసారి ధైర్యం చేసి ఒక ఆన్‌లైన్ పాటల పోటీలో పేరిచ్చాను. వాళ్లు ఒక మాట ఇస్తారు, 8 రోజుల్లో పాట రాసి, వరస కట్టి, పాడి పంపాలి. గ్రూపులో 14 మందిమి. వేరే జడ్జీలు లేరు. మిగతా 13 పాటలకూ మనమే రివ్యూ రాసి మార్కులు వేయాలి. రాయకపోతే మన పాటను లెక్కలోకి తీసుకోరు.

ఇచ్చిన మాట ‘గడప’. నేను ఇల్లు విడిచి వెళ్లిపోయిన అక్క గురించి రాశాను. పల్లవి ఇది:

గడప దాటిన అడుగు ఎక్కడ
గడియ వేసిన తలుపు ఇక్కడ

ఫ్యాన్ కాయిల్ చుట్టుకుంటూ ఉంటే దానంతట అదే వచ్చింది, తకిట తకధిమి (మూడు, నాలుగు) నడకలో. వచ్చిన రోజు ఎంత సంతోషమంటే, కస్టమరు దగ్గర బేరం కూడా ఆడలేదు.

రివ్యూలు వచ్చాయి. తొమ్మిది మంది ‘సూపర్ అన్నా’, ‘ఫీల్ ఉంది’, చప్పట్ల బొమ్మ. ఒకాయన మాత్రం ఇట్లా రాశాడు: ‘1 నిమిషం 12 సెకన్ల దగ్గర, నువ్వు పడితే నేను వింటా అని వినపడింది. మనిషి పడితే పట్టుకోవాలి గానీ వినడమేంది? ఇంకోటి, పాట మొత్తం వెనకాల ఏదో మూలుగుతా ఉంది.’

నాకు ఒళ్లు మండింది. ‘కింద లిరిక్ ఇచ్చాను సార్, చదువుకోండి, అది పాడితే’ అని జవాబు పెట్టాను. ఆయన ఒకే ముక్క రాశాడు: ‘పాట వినాలంటే ముందు చదవాల్నా?’

దాని తర్వాత నేను నోరెత్తలేదు. కానీ రెండు రోజులు అదే బుర్రలో తిరిగింది. ఆ ధ్యాసలో ఒక మిక్సీ కాయిల్ తప్పుగా చుట్టి కాల్చేశాను కూడా.

ఇప్పుడు అసలు సమస్య. ఆయన పాటకు నేను రివ్యూ రాయాలి. గడపలో కూర్చుని కొడుకు కోసం ఎదురుచూసే తల్లి పాట. గొంతు నిజంగా బాగుంది. కానీ మొదట 48 సెకన్లు ఉత్త ఫ్లూటు, కీబోర్డే. ఆ తర్వాత మొదటి చరణంలో పొద్దున ఎదురుచూస్తుంది, రెండోదాంట్లో మధ్యాహ్నం ఎదురుచూస్తుంది, మూడోదాంట్లో రాత్రి ఎదురుచూస్తుంది. నిజం రాస్తే కసి తీర్చుకున్నట్టు ఉంటుంది. ‘సూపర్’ అని రాయడానికి మనసొప్పడం లేదు. ఆదివారం రాత్రి 12 దాకానే టైము.

ఎట్లా రాయమంటారు? ఇంతకీ నా పాటలో మీకూ ‘పడితే’ అనే వినపడుతోందా? లింకు నా ప్రొఫైల్‌లో ఉంది.

ఐదున్నరశ్రుతి

అన్నా, లిరిక్ చూడకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ‘పడితే’నే. బాధపడకండి, ఎందుకో చెబుతాను. నేను ఇంట్లో పిల్లలకు పాట నేర్పిస్తాను, రోజూ ఇదే గొడవ.

మీ పల్లవి చేతి మీద తాళం వేసి చూడండి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర; దీర్ఘానికీ, సున్న ఉన్న అక్షరానికీ, ఒత్తుకు ముందున్న అక్షరానికీ రెండు. గడప మూడు, దాటిన నాలుగు. అడుగు మూడు, ఎక్కడ నాలుగు. రెండో పాదం కూడా అచ్చంగా అంతే. మీరు లెక్కపెట్టి రాయలేదన్నారు, అయినా పొల్లుపోలేదు. చరణానికి వచ్చేసరికి ‘నువ్వు పాడితే నేను వింటా’. నువ్వు మూడు, బాగుంది. పాడితే ఎంత? పా రెండు, డి ఒకటి, తే రెండు, మొత్తం ఐదు. మీ దగ్గర ఉన్న చోటేమో నాలుగు. తాళం ఆగదు కాబట్టి గొంతు ఎక్కడో ఒకచోట కోసేయాలి, పాపం దీర్ఘాన్ని కోసేసింది. మన భాషలో దీర్ఘం పోతే మాటే మారిపోతుంది కదా. కాలం కలం అవుతుంది, పాడు పడు అవుతుంది.

‘నువ్వు పాడిన పాట వింటా’ అని పెట్టి చూడండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు.

ఇక ఆ మూలుగు. మీ పాట నాలుగున్నర శ్రుతిలో ఉంది, అంటే మీ ‘స’ (షడ్జమం) అక్కడ పెట్టుకున్నారు. వెనకాల ఉన్నది కరెంటు హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇలాంటి మూలుగులో చెవికి ఎక్కువగా తగిలేది దాని రెట్టింపు, 100. ఐదు శ్రుతి షడ్జమం కింది స్థాయిలో సుమారు 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే మీరు నాలుగున్నరలో పాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని ఐదు శ్రుతిలో, అదీ కాస్త ఎక్కువగా, తంబూరా మీటుతున్నట్టు. అందుకే పాట అంతా ఏదో చికాకు. అదే ఐదులో పాడి ఉంటే సగంమంది దాన్ని పట్టుకునేవాళ్లు కాదేమో. కరెంటు సంగతి మీకు నేను చెప్పడమేంటి లెండి!

పలకదెబ్బ

అక్కా, మరీ ఇంత లెక్కలా? గంగ జాతరలో పలకలు (డప్పులు) కొడతా పాడేటప్పుడు ఎవరు మాత్రలు కొలుస్తారు? గొంతెత్తి సాగదీస్తే సాగుతుంది. నాకైతే అన్న పాట నచ్చింది.

రివ్యూకి ఇంత ఫీలైతే ఎట్లా అన్నా? తిరుపతి మనిషివి, జాతరలో బండ వేషం రోజు వీధిలో నిలబడి నోటికొచ్చిన బూతులు తిట్టించుకుని నవ్వుకుంటా ఇంటికి పోతాం కదా. ఆయన బూతు కూడా తిట్టలేదు.

ఐదున్నరశ్రుతి

తమ్ముడూ, సాగదీయడం గురించి నువ్వు చెప్పింది కరెక్టే. పొట్టి అక్షరాన్ని సాగదీస్తే చెవి సర్దుకుంటుంది. ‘నువ్వూ’ అని ఎంత సాగదీసినా అది నువ్వే. పొడుగుదాన్ని కుదిస్తేనే సర్దుకోదు. జాతరలో కూడా చూడు, సాగదీసేవాళ్లే గానీ కుదించేవాళ్లు కనిపించరు.

మాటల్లోనే కొలత ఉంటుందనడానికి మన ఊళ్లోనే ఉంది ఉదాహరణ. కొండమీద దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉంది గానీ స్వరాలు రాసి లేవు. ఇప్పుడు మనం వినే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో సంగీతం తెలిసినవాళ్లు కట్టినవి. దాదాపు 500 ఏళ్ల తర్వాత కూర్చుని వరస కట్టగలిగారంటే ఆ మాటల్లోనే నడక ఉంది కాబట్టే కదా.

మోటార్‌వైండింగ్, తిరుపతి

అమ్మా, లెక్క అర్థమైంది. ఇరవై ఏళ్లుగా టర్నులు లెక్కపెట్టేవాణ్ని, ఇది లెక్కపెట్టలేదు.

కానీ ‘నువ్వు పాడిన పాట’ అంటే అక్క ఇదివరకే పాడేసింది, నేను గుర్తు చేసుకుంటున్నాను అని వస్తుంది. నా పాటలో ఆమె ఇంకా పాడలేదు. ఎక్కడుందో తెలియదు, పాడితే వింటాను అని. ఆ ‘తే’ పోతే నా పాటే పోతుంది. కొలత కోసం అర్థం వదులుకోవాలా?

కట్టమంచిగట్టు

నాయనా, వదులుకోవద్దు. మాట తిప్పు.

‘పాడితే నువు నేను వింటా.’

తాళం వేసి చూడు. పాడి మూడు, తేనువు నాలుగు, నేను మూడు, వింటా నాలుగు. మాట రెండు ముక్కల మీద పడింది, పడనీ. ‘తే’ సరిగ్గా తకధిమిలో మొదటి దెబ్బ మీద వచ్చి కూర్చుంటుంది. నీకు కావలసింది ఆ ‘తే’నే అంటివి కదా, దెబ్బ దానిమీదే పడుతుంది.

నేను చిత్తూరు వాణ్ని. మా దిక్కు ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ముప్పై ఏళ్లు హార్మోనియం పట్టినాను, ఇప్పుడు వేళ్లు వంగవు. ఆ రోజుల్లో మాకు రివ్యూ ఎట్లా వచ్చేదో చెబుతా. పద్యం ఎత్తుకున్నోడు శ్రుతి తప్పితే ముందు వరసలో చాపేసుకుని కూర్చున్న ముసలోళ్లు వాని మొగం చూడరు, తిరిగి నా దిక్కు చూస్తారు. ఒక్క మాట అనరు. ఎక్కడ తప్పిందో అక్కడే, ఆ క్షణమే చూస్తారు. పద్యం అయిపోయినాక వచ్చి ‘బాగలేదు’ అంటే మాకు అర్థమయ్యేది కాదు, ఆ చూపు మటుకు అర్థమయ్యేది. ఆయన నీకు 1 నిమిషం 12 సెకన్లు అని రాసినాడే, అదీ ఆ చూపే. చప్పట్ల బొమ్మ పెట్టిన తొమ్మిది మంది నీ పాట పూర్తిగా విన్నారో లేదో నాకు అనుమానం.

ఆయన పాట కూడా విన్నాను. 48 సెకన్లు ఎక్కువ అంటివి. మా నాటకంలో వేషం రంగం మీదికి వచ్చే ముందు ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనకాల వేషగాడు దరువు పాడతా గజ్జెలు మోగిస్తాడు. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. జనం విసుక్కోరు, ఎందుకంటే తెర కింద కాళ్లు కనిపిస్తా ఉంటాయి. ఎవరో వస్తున్నారని తెలుసు. ఆయన ఫ్లూటు వింటా ఉంటే నాకు కాళ్లు కనిపించలేదు. ఈ మాట నీకు పనికొస్తే వాడుకో.

మూడు చరణాల సంగతి కూడా రాయి. మెచ్చుకునేది ఏదన్నా ఉంటే దానికీ సెకను రాయి. తప్పుకు మాత్రం టైము రాసి, మెప్పును గాలికి వదిలితే అదీ కసిలాగే ఉంటుంది.

పలకదెబ్బ

తాతా, ‘పాడితే నువు’ పలక మీద కొట్టి చూసినా. దెబ్బ భలే పడింది. లెక్కల మీద అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నా.

మోటార్‌వైండింగ్, తిరుపతి

పెద్దాయనకు, అమ్మకు, తమ్మునికి దండాలు. ఆదివారం రాత్రి 11.40కి రివ్యూ పెట్టేశాను. ఇక్కడా పెడుతున్నాను, ఎక్కువ తక్కువలు ఉంటే చెప్పండి:

‘సార్, ముందుగా, 1 నిమిషం 12 సెకన్ల దగ్గర మీరు విన్నదే కరెక్టు. లిరిక్ చదువుకోమని అన్నందుకు ఏమీ అనుకోకండి. మీ పాటలో 2 నిమిషాల 5 సెకన్ల దగ్గర, గడపకు పూసిన పసుపు తడి ఆరలేదు అన్నచోట గొంతు కిందికి దించారు. అక్కడ నేను చేతిలో పని ఆపేశాను. ఆ ముక్క కోసం మళ్లీ మళ్లీ విన్నాను. మొదటి 48 సెకన్లలో మాత్రం ఎవరో వస్తున్నారన్న ఆత్రం నాకు కలగలేదు. ఆ పసుపు ముక్క వరసనే ఫ్లూటు మీద ముందు కొద్దిగా వినిపిస్తే బాగుంటుందేమో. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లూ అమ్మ అదే చోట, అదే తీరుగా ఉంది. పసుపు మధ్యాహ్నం చరణంలో ఉంది కదా, రాత్రికి ఆరిపోయి ఉంటుంది. ఆ సంగతి మూడో చరణంలో వస్తుందని ఎదురుచూశాను, రాలేదు.’

మార్కులు 10కి 8 వేశాను. గొంతుకే నాలుగు.

ఆయన ఇంకా ఏమీ జవాబివ్వలేదు. చూసినట్టు మాత్రం కనిపిస్తోంది.

హమ్ సంగతి కూడా దొరికింది, చెప్పుకోవాలంటే సిగ్గు. రికార్డింగ్ మధ్యలో ఛార్జింగ్ అయిపోతుందేమోనని ఫోను ఛార్జర్‌కు పెట్టి ఉంచి, అదే ఫోనుకు కీబోర్డు వైరు కూడా కలిపాను. ఊళ్లో వాళ్ల మోటార్లకు ఎర్తింగ్ ఉందా అని అడిగేది నేనే. నిన్న రాత్రి షట్టరు దించి, ఛార్జర్ పీకేసి, ఐదు శ్రుతిలో ‘పాడితే నువు’ అని మళ్లీ పాడాను. ఒక చోట కుక్క అరిచింది, మిగతాదంతా శుభ్రంగా ఉంది. ఆ ‘తే’ దగ్గర పెద్దాయన చెప్పినట్టే దెబ్బ పడింది. మా ఆవిడ లోపలినుంచి ‘మళ్లీ అక్క పాటేనా’ అంది, అంటే మాట అర్థమైనట్టే.

పోటీకి మాత్రం ఫైలు మార్చనివ్వరట, అడిగాను. అక్కడ ‘పడితే’ అనే ఉంటుంది.