గోత్రాలు వేరు కదా, మేనరికానికి ఇంకా అడ్డేమిటి?

మారతహళ్లి మరదలు:
మాది అనంతపురం. నాలుగేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. మా మేనమామ కొడుక్కి నన్ను ఇవ్వాలని ఇంట్లో పట్టుబడుతున్నారు. బావంటే నాకు ఇష్టమే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను కాబట్టి, నచ్చకపోతే వద్దనమనే సలహాలు ఎవరూ ఇవ్వకండి. నా భయమంతా పుట్టబోయే పిల్లల గురించి. అమ్మమ్మ "గోత్రాలు వేరు, భయం దేనికి" అంటుంది. బావ "ఒక రక్త పరీక్ష చేయించుకుంటే సరి" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలి?

చిక్కపేట పెద్దాయన:
అమ్మాయీ, నేను చేసుకున్నది మా అత్త కూతురినే. నలభై ఆరేళ్లయింది. ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు, అందరూ రాళ్లు తిని అరిగించుకునేవాళ్లే. జీవుల పుట్టుక గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన డార్విన్ కూడా 1839లో సొంత మేనమామ కూతురు ఎమ్మాను చేసుకున్నాడు. ఆయనకు తెలియనిది మనకు తెలుసా? తెలిసిన సంబంధం, తెలిసిన అత్తగారు. రేపు కష్టమొస్తే అడ్డం పడేదీ వాళ్లే.

సూక్ష్మదర్శిని:
పెద్దాయన గారూ, డార్విన్ సంగతి ఎత్తారు కనుక మిగతాది కూడా చెప్పాలి. ఆయనకు పదిమంది పిల్లలు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. అందుకు మేనరికమే కారణమని అనలేం. ఆ రోజుల్లో జబ్బులతో పిల్లలు పోవడం మామూలే. కానీ ఆయనకు మాత్రం ఆ దిగులు ఉండేది. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి ఒక ప్రశ్న చేర్చాలని ప్రయత్నం కూడా చేశాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు.

ఇక గోత్రం. నేను ఇక్కడే ఒక ల్యాబులో పని చేస్తాను, రోజూ ఈ ప్రశ్న వింటాను. గోత్రం తండ్రి వైపు నుంచే నడుస్తుంది. పెళ్లయితే ఆడపిల్ల గోత్రం మారుతుంది, ఆమె ఒంట్లోని జన్యువులు మాత్రం పుట్టింటివే. మేనమామ కొడుకుని బావ అంటాం, పెదనాన్న కొడుకుని అన్నయ్య అంటాం. జన్యువుల లెక్కలో ఇద్దరూ మనకు ఒకే దూరం. ఎవరితోనైనా సగటున ఎనిమిదో వంతు పంచుకుంటాం. అన్నయ్యతో పెళ్లంటే చెవులు మూసుకునే ఇంట్లోనే బావతో పెళ్లికి మేళం మాట్లాడతారు. ఆ తేడా వరసలో ఉంది, రక్తంలో లేదు.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా చాలాసార్లు రెండోది పని నెట్టుకొస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. అలాంటివాళ్లను వాహకులు అంటారు. మనలో ప్రతి ఒక్కరం ఇలాంటి లోపాలు కొన్ని మోస్తూనే ఉన్నాం. బయటి సంబంధంలో అబ్బాయి మోసే లోపం ఒకటి, అమ్మాయి మోసేది మరొకటి అవుతుంది, సాధారణంగా అవి కలవవు. మేనరికంలో ఇద్దరూ మోసేది ఒకే తాతగారి లోపం కావచ్చు.

తాతయ్యలో ఒక చెడ్డ ప్రతి ఉందనుకోండి. అది మీ అమ్మకు రావడానికి సగం అవకాశం, మీకు పావు. మామయ్య మీదుగా మీ బావకూ పావు. ఇద్దరికీ వచ్చి ఉండటం 16లో ఒకటి. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే చేరడానికి మళ్లీ పావు అవకాశం, అంటే మొత్తం 64లో ఒకటి. మొత్తంగా చూస్తే, మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు. మేనబావ, మేనమరదళ్ల పిల్లల్లో దానికి సుమారు మరో రెండు మూడు కలుస్తుంది. అంటే నూటికి తొంభై మందికి పైగా బాగానే పుడతారు. పెద్దాయన గారి మనవలు ఆ తొంభైలో ఉన్నారు, సంతోషం. అక్క కూతుర్ని చేసుకునే మేనమామ విషయం వేరు. అక్కడ పంచుకునేది నాలుగో వంతు, ముప్పు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

హొసూరు రోడ్డు పిన్ని:
లెక్కలు బాగున్నాయి. మా ఇంట్లో ఆ లెక్క తలుపు తట్టింది. మా అక్కది మేనరికం. మొదటి పాపకు పుట్టుకతోనే వినపడదు. కుక్కరు విజిల్ వేసినా నిద్ర లేవకపోతే "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోయాం. ఏడాదిన్నరకు గానీ తెలియలేదు. అప్పుడు ఎవరో ఈ లోపం వచ్చే అవకాశం "నాలుగింట ఒక వంతు" అన్నారట. మా బావ దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడంటే, ఆ ఒక్కటీ అయిపోయింది, ఇక ముగ్గురికి ఢోకా లేదని. రెండో బాబుకీ వినపడదు.

సూక్ష్మదర్శిని:
పిన్నిగారూ, ఈ పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తారు. పదో తరగతిలో మెండెల్ బఠానీలు చదివాం కదా, మూడుకు ఒకటి నిష్పత్తి. ఆయన లెక్కపెట్టింది 7,324 గింజలు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడ్డవి. వేలల్లో లెక్కిస్తే ఆ నిష్పత్తి కనిపిస్తుంది. నలుగురు పిల్లల ఇంట్లో అది వాటాలు వేసుకుని కూర్చోదు. ప్రతి కానుపుకీ పాచిక కొత్తగా పడుతుంది.

కొర్రీల రాయుడు:
అందరూ మేనరికం మీదే పడ్డారు. సరే, ఈ అమ్మాయి బావను కాదని ఏ వరసా లేని అబ్బాయిని చేసుకుంటుంది. ఎవరిని? అదే కులంలో, అదే శాఖలో. పది పన్నెండు తరాలుగా ఆ గుంపులోనే ఇచ్చిపుచ్చుకుంటుంటే అది మాత్రం దూరపు మేనరికం కాదా?

మేము వైశ్యులం. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు మత్తు డాక్టరు కాగితాలు చూస్తూ "మీరు వైశ్యులా?" అని అడిగాడు. ఆస్పత్రిలో కులం అడుగుతాడేమిటని నాన్న మండిపడ్డారు. తర్వాత తెలిసింది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైము మావాళ్లలో కొందరికి సరిగా ఉండదు. వాళ్లకు ఆ మందు ఇస్తే కండరాలు చాలాసేపు తేరుకోవు, అంతసేపూ ఊపిరి యంత్రం మీదే. 2017లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధనలో ఇలాంటి గుంపులు మన దేశంలో చాలా ఉన్నాయని తేలింది. లక్షల మంది ఉన్న కులమైనా మొదట కొద్దిమంది నుంచే పెరిగింది, వాళ్లలో ఒకరి లోపం అందరికీ పాకింది. మావాళ్లలో ఈ ఎంజైము లోపం అలా వచ్చిందే. మా అమ్మానాన్నలది మేనరికం కాదు సుమా.

చిక్కపేట పెద్దాయన:
అంటే ఇప్పుడు కులం కూడా వదిలేయమంటారు. మేనరికంతో మొదలైన చర్చ ఎక్కడికి పోతోందో చూశారా?

కొర్రీల రాయుడు:
వదిలేయమని నేను అనలేదు. లెక్క ఎక్కడికి పోతే అక్కడికి వెళ్లాను. 1980లలో బెంగళూరు, మైసూరు ఆస్పత్రుల్లో పుట్టిన బిడ్డల మీద అధ్యయనం చేస్తే దాదాపు మూడో వంతు మంది తల్లిదండ్రులు దగ్గరి బంధువులేనట. ఇది మన తెలుగువాళ్ల ఒక్కరి గొడవ కాదు.

సూక్ష్మదర్శిని:
రాయుడు గారి మాట నిజమే, కానీ ఈ అమ్మాయికి అక్కరకు రాదు. ఆమె ముందున్నది బావ, కులచరిత్ర కాదు. రెండు ముప్పులూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి తప్ప ఒకటి ఉంది కదా అని రెండోది మాఫీ కాదు.

బావగారి "ఒక రక్త పరీక్ష" గురించి. తలసీమియా అంటే రెండు ప్రతులూ చెడితే రక్తం సరిగా తయారుకాక బిడ్డ పాలిపోయి, పొట్ట ఉబ్బే జబ్బు. దాని వాహకులను పట్టుకునే పరీక్ష తేలికైనది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎ2 అనే రకం 3.5 శాతం దాటితే అనుమానించాలి. ఒంట్లో ఇనుము తక్కువైతే ఆ అంకె తగ్గి మోసం చేస్తుంది, కాబట్టి ఇనుము కూడా చూపించుకోవాలి. వందల జన్యువులు ఒకేసారి చూసే ఖరీదైన పరీక్షలూ ఉన్నాయి. వాటిలో ఏమీ కనిపించకపోతే ముప్పు తగ్గినట్టు, పోయినట్టు కాదు. అన్నిటికంటే ముందు చేయాల్సినది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. ఇంటి వంశవృక్షం గీయండి. పుట్టి పోయినవాళ్లను కూడా రాయండి. జన్యు సలహాదారు మొదట అడిగేది అదే.

మారతహళ్లి మరదలు:
ఆదివారం అమ్మమ్మకు ఫోను చేసి గీశాను. అమ్మమ్మను తాతయ్యకు ఇచ్చినప్పుడు ఆయన ఆమెకు స్వయానా మేనమామ. అది నాకు తెలుసు, ఇక్కడ రాయాలని తోచలేదు. పిల్లలు ఎంతమంది అంటే ఐదుగురు అంది. నలుగురే కదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. మా మామయ్య తర్వాత ఒక ఆడపిల్ల పుట్టిందట. తెల్లగా పాలిపోయి ఉండేదట. దిష్టి తగిలిందని ఊరంతా తిప్పారట. రెండేళ్లు నిండకుండానే పోయింది. మా అమ్మకు కూడా సరిగా గుర్తు లేదు.

సూక్ష్మదర్శిని:
ఇది ఏదైనా కావచ్చు. మలేరియా కావచ్చు, తిండి లోపం కావచ్చు. ముందే తీర్పు చెప్పుకోవద్దు. కానీ అది రెండు ప్రతులూ చెడితే వచ్చే జబ్బే అయితే, అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ వాహకులే. అప్పుడు నా 64 లెక్క చెల్లదు. ఆరోగ్యంగా ఉన్న మీ అమ్మ, మీ మామయ్య వాహకులు అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు, మీకూ బావకూ మూడింట ఒక వంతు. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి 36లో ఒకటి. పరీక్షకు వెళ్లే ముందు అమ్మమ్మను ఒక్క మాట అడగండి. ఆ పాపకు పొట్ట ఉబ్బి ఉండేదా?

మారతహళ్లి మరదలు:
అడిగాను. "ఉబ్బే ఉండేది. నీకెవరు చెప్పారు?" అంది. రేపు ఉదయం నేనూ బావా ఇద్దరం రక్తం ఇస్తున్నాం.