సర్పంచ్ ఎలక్షన్‌కి వాట్సాప్, రీల్స్ ఎంతవరకు పనికొస్తాయి? చేసినవాళ్ళు చెప్పండి

లంక_కుర్రోడు:
నమస్తే అండి. మాది పి.గన్నవరం అవతల లంక ఊరు. ఈసారి మా పిన్ని సర్పంచ్‌కి నిలబడతానంటోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నానని ఫోన్ల పనంతా నా నెత్తిన పెట్టారు. నాకొచ్చింది జావా, బాబాయికది అర్థం కాదు. ఒకాయనొచ్చి పేజీ పెడతా, వారానికి నాలుగు రీల్స్ చేస్తా, 40 వేలు అన్నాడు. ఇవ్వొచ్చా?

ఫ్లెక్సీ_షాపు:
ఇవ్వకండి. 2021లో మా మావయ్యకి నేనే చేసాను. ఒక రీల్‌కి 18 వేల వ్యూస్ వస్తే ఇంట్లో పండగే. మా ఊళ్ళో ఓట్లు రెండు వేల చిల్లర! కామెంట్లు పెట్టినోళ్ళు తుని, గుడివాడ, ఒకాయన మస్కట్. మావయ్య 61 ఓట్లతో పోయాడు.

అసలు దెబ్బ గుర్తు దగ్గర తగిలింది. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు కదండి. మాది తొలి విడత. ఫిబ్రవరి 4న విత్‌డ్రాలు, గుర్తులిచ్చేది అవి అయ్యాకే, 9న పోలింగ్. నెలరోజులు మావయ్య మొహమే తిప్పాం. తీరా కత్తెర గుర్తొచ్చాక అది జనానికి ఎక్కించడానికి నాలుగు రోజులే మిగిలాయి. ఆఖరికి అత్తయ్య నిజం కత్తెర పట్టుకుని గడప గడపకీ తిరిగింది. పోస్టరు ముందే చేయించి గుర్తుకి జాగా ఖాళీగా ఉంచుకోండి. గుర్తొచ్చిన గంటలో అందరి స్టేటస్‌లోనూ పడాలి.

కొబ్బరి_దింపు:
మా గ్రూపు 2022 జులై వరదల్లో పుట్టింది. ధవళేశ్వరంలో గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో నీటిమట్టం ఎంత, పడవ ఏ రేవులో ఉంది, పాలపాకెట్లు ఎక్కడ దింపారు, అన్నీ అందులోనే. తరవాత రోజూ పొద్దున్నే అంబాజీపేట మార్కెట్ కొబ్బరికాయ ధర పెట్టేవాళ్ళం. ధర కోసమైనా తెరిచి చూసేవారు.

2024లో మావాడొకడు అందులో ఎమ్మెల్యే అభ్యర్థి పోస్టరు పెట్టాడు. సాయంత్రానికి 40 మంది ఎగ్జిట్! అడ్మిన్‌ని నేనే, తిట్లూ నాకే. అప్పుడు ప్రచారానికి వేరే గ్రూపు పెట్టి, రమ్మన్నవాళ్ళనే చేర్చాం. 110 మందొచ్చారు. ఆ 110 మందీ పనిచేసారు.

కువైట్_అక్క:
తమ్ముడూ, మమ్మల్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. మా ఓటుకి స్వయంగా రావాలి, టిక్కెట్టు పెట్టుకుని ఎవరొస్తారు? కానీ రాత్రి ఇంటికి ఫోన్ చేసి అమ్మకీ అత్తకీ చెప్పేది మేమే. అమ్మ దగ్గరుంది బటన్ ఫోను, దాన్లో మీ రీల్ ఆడదు. మీ పిన్ని చేత నిమిషం వాయిస్ పంపించండి. వంటింట్లో పని చేసుకుంటూ వింటాం. రాసిచ్చింది చదివితే మాత్రం ఇట్టే తెలిసిపోద్ది. మా పేటలో కుళాయి ఎప్పుడొస్తుందో ఆవిడ నోటితో చెప్తే చాలు.

రొయ్యల_చెరువు_భీమవరం:
రాత్రి 8 దాటాకే పెట్టండి. పగలు చెరువు మీద ఎవడు చూస్తాడు.

రిటైర్డ్_మాస్టారు:
పోలింగ్ డ్యూటీలు చాలా చేసాను గనుక రెండు జాగ్రత్తలు. అసెంబ్లీకైతే అభ్యర్థి సోషల్ మీడియా ఖాతాలు అఫిడవిట్‌లో రాయాలి, డబ్బు కట్టి వేసే ప్రకటనకి ముందే ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలు పరిశీలించే కమిటీ) అనుమతి కావాలి, ఖర్చు 40 లక్షల పరిమితిలోకే వస్తుంది. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, నియమాలు వేరు. నామినేషన్ రోజే రిటర్నింగ్ అధికారిని అడిగి రాసుకో నాయనా. పోస్టు ఎక్కువమందికి చూపించే బూస్ట్‌కి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచు.

ఇంకోటి. చాలాసార్లు ఫార్వర్డయిన మెసేజ్‌ని 2020 నుంచి వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పోనిస్తోంది. ఒకే ముక్క ఊరంతా తిప్పే బదులు ఏ వీధి సంగతి ఆ వీధికి మీరే టైపు చేసి పంపండి.

ఫ్లెక్సీ_షాపు:
మాస్టారన్నాక గుర్తొచ్చింది. పోలింగ్ ముందు రాత్రి మావయ్య తప్పుకున్నాడని ఆడియో తిప్పారు. ఖండిస్తూ ఇంత పొడుగు మెసేజ్ రాసాం, ఎవరూ చదవలేదు. తెల్లారి 5 గంటలకి రామాలయం ముందు నిలబెట్టి ఆ రోజు పేపరు చేతికిచ్చి 20 సెకన్ల వీడియో తీసాం. దాన్ని నమ్మారు. కానీ పోలింగ్ 6:30కే మొదలు. ఆ రాత్రే తీసుంటే బాగుండేది.

లంక_కుర్రోడు:
ఆయ్, 40 వేలు ఆపేసానండి. రీల్స్ ఆయన అలిగాడు. నిన్న పిన్ని చేత వాయిస్ చేయిస్తే నిమిషంలో సగం "ఆఁ, వినబడతందా?" తోనే అయిపోయింది. బాబాయి మళ్ళీ చేయించమంటున్నాడు. చేయించాలా?

కువైట్_అక్క:
అదే పంపెయ్.